ఇరవై రెండు మంది గురూజీలు

లెక్క తప్పిందని ఏడ్చే పిల్లల్ని మనందరం చూశాం. లెక్కలు మరీ బాగా వచ్చాయని ఏడ్చే పిల్లని చూడాలంటే మాత్రం ఆ మాఘ మాసంలో జును డంగోల్‌ని చూసి ఉండాల్సింది.

యూనివర్సిటీ మూడో అంతస్తులో, గాలి చొరబడని చిన్న గదిలో, తక్కెడ ముందు కూర్చుని ఇరవై ఒక్క గుండ్రటి కాగితాలు వరసగా పేర్చుకుంది. ఒక్కో కాగితం ఒక్కో బస్సుది. లగన్‌ఖేల్ నుంచి చాపాగావ్ దాకా తిరిగే ముసలి డీజిల్ బస్సులవి. సైలెన్సర్ గొట్టంలో సన్నటి పైపు పెట్టి, పంపుతో పొగ లాగి ఈ తెల్ల కాగితం గుండా పంపిస్తే మసి దానిమీద పేరుకుంటుంది. ముందు తూచిన బరువు, తర్వాత తూచిన బరువు, ఆ తేడా ఎంతో మసి అంత. పైకి అంతే విద్య. ఆ అంతే విద్య కోసం జును మూడు నెలలుగా చలనక ఎండనక గొట్టాల వెనక కూర్చుంటోంది.

ఆ కాగితాలు పెనం అడుగులా నల్లగా ఉండాలి. ఉండాలా వద్దా? ఆ బస్సులు కొండెక్కుతుంటే వెనకాల వచ్చేవాడికి ముందున్న రోడ్డు కనపడదు. అలాంటిది కాగితాలమీద బూడిద రాసిన చెయ్యి ఒక్కసారి ఆన్చినట్టు లేత మచ్చ, అంతే.

"యంత్రం ఎక్కడో బయటి గాలి పీలుస్తోందమ్మా," అన్నారు హోమ్‌నాథ్ సర్ వెనక నిలబడి. ఆయన ఆమె గైడు, మితభాషి. "లేదా..." అని ఆగిపోయారు.

ఆ 'లేదా' తర్వాతి మాట జునుకి అర్థమైంది. లేదా నీ పని సరిగ్గా లేదు. గుండెలో ముల్లు దిగినట్టయింది పాపం. ఆ యంత్రం వాళ్ళది కాదు, వేరే దేశపు యూనివర్సిటీ అరువిచ్చింది. మాఘ్ నెల ఆఖరు తారీఖున పెట్టెలో పెట్టి వెనక్కి పంపెయ్యాలి. ఇంకా మిగిలింది ఇరవై రెండు రోజులు. ఈ లెక్కలు తప్పని తేలితే థీసిస్ లేదు. థీసిస్ లేకపోతే రెండేళ్ళ చదువు గోవిందా. ఇంట్లో అక్క కుట్టుమిషను తొక్కి చదివిస్తున్న చదువది.

అసలు ఆ బస్సులు దొరకడమే గగనమైపోయింది. కార్తీకంలో మొదటిసారి లగన్‌ఖేల్ బస్ పార్క్‌కి వెళ్ళి "పొగ పరీక్ష" అందో లేదో, గురూజీల మొహాలు మాడిపోయాయి. బస్సు నడిపేవాణ్ణి అక్కడ డ్రైవరని పిలిస్తే పలకడు. గురూజీ అనాలి. "గురూజీ ఆపండి, గురూజీ దిగుతాను, గురూజీ మీ కళ్ళేమైనా పోయాయా" అన్నీ గురూజీలే. పొగ హద్దులో ఉందని అద్దంమీద అంటించే ఆకుపచ్చ స్టిక్కరు ఊడిందంటే బండి ఇంటికే, కాబట్టి పొగ అన్న మాటంటేనే వాళ్ళకి ఒళ్ళు మంట.

"నంబరు బయటపెట్టను గురూజీ. ఏ బండి ఎంత పొగ వదిలిందో చచ్చినా ఎవరికీ చెప్పను," అని సన్‌మాయా దిదీ టీ బల్లమీద చెయ్యేసి ఒట్టు పెట్టుకుంది జును. సన్‌మాయా తామాంగ్‌ది ఆ బస్ పార్క్‌లో పద్నాలుగేళ్ళుగా టీ కొట్టు. పక్కనే నిప్పులమీద మొక్కజొన్న పొత్తులు కాలుస్తుంటుంది. సరిగ్గా బస్సులు వెనక్కి తిరిగే చోట కొట్టు. అందరికీ ఆవిడ దిదీయే, అంటే అక్కే.

పది రోజులు ఎవరూ కదల్లేదు. పదకొండో రోజు వెళ్ళేసరికి అందరూ నవ్వు మొహాలతో ఉన్నారు. రూటు పెద్ద టీకాప్రసాద్ గురూజీ మీసం దువ్వుకుంటూ, "వారానికి రెండు బళ్ళు. సోమవారం ఒకటి, గురువారం ఒకటి. ఏ బండి ఎప్పుడన్నది మేం చెబుతాం. సరేనా నానీ?" అన్నాడు. చిన్నపిల్లని అక్కడ నానీ అంటారు. ఎందుకు ఒప్పుకున్నారని జును అడగలేదు. నోరు జారి అడిగితే మళ్ళీ కాదంటారేమోనని భయం. అడిగి ఉంటే ఈ కథే ఉండేది కాదు.

అప్పట్నుంచీ మర్యాదలకి లోటు లేదు. ఆమె వచ్చేసరికి బస్సు వరసలోంచి పక్కకొచ్చి ఆగి ఉండేది. కూర్చోడానికి ఎవరో పాత సీటు పరిచేవారు. పుస్ నెల పున్నమికి తల్లి చేసిన యోమరీలు డబ్బా నిండా తెచ్చింది జును. బియ్యప్పిండి తొక్కలోంచి బెల్లంపాకం కారుతుంటే గురూజీలు వేళ్ళు నాక్కున్నారు. మెకానిక్ అష్టమాన్ మహర్జన్ రెండోది నోట్లో పెట్టుకుంటూ అడిగాడు. "మార్కులెలా పడుతున్నాయి నానీ?"

వేళాకోళమనుకుంది జును. "మీ దయవల్ల బాగానే పడుతున్నాయి దాజు," అని నవ్వేసింది. దాజు అంటే అన్న. అష్టమాన్ ఛాతీ రెండంగుళాలు పొంగింది. అదెందుకో ఆమెకి అర్థం కాలేదు.

ఇక సర్ ఆ 'లేదా' అన్న రోజుకొద్దాం. జును రెండు రోజులు తిండి మానేసి యంత్రంతో కుస్తీ పట్టింది. ప్రతి అతుకూ విప్పింది, ప్రతి గొట్టంలోనూ నీళ్ళు పోసి చూసింది. ఎక్కడా లీకు లేదు. చివరికి డిపార్ట్‌మెంటు వెనకున్న డొక్కు జనరేటర్‌కి తగిలించి చూసింది. కాగితం క్షణంలో కాటుక డబ్బా అయిపోయింది. అంటే యంత్రం నిక్షేపంలా ఉంది. తను చేసిన పనీ నిక్షేపంలా ఉంది. మరి బస్సులు?

మర్నాడు బుధవారం. తన రోజు కాదు. భుజాన యంత్రం లేకుండా, మెడలో గుర్తింపు కార్డు లేకుండా, మఫ్లరు మొహానికి చుట్టుకుని మామూలు ప్రయాణికురాల్లా బస్ పార్క్‌కి వెళ్ళింది. నాలుగు నాలుగు ఏడు ఒకటి నంబరు బండి వెనక నిలబడింది. అది గర్జమాన్ మగర్ గురూజీది. పోయిన వారమే కొలిచింది. ఇరవై ఒక్కింటిలోకీ తెల్లటి కాగితం దానిదే.

గర్జమాన్ తాళం తిప్పాడు. బండి ఒకసారి దగ్గి, ఒళ్ళు విదుల్చుకుని, బారెడు నల్లటి పొగ తీసుకెళ్ళి జును మొహాన కొట్టింది.

మఫ్లరు నల్లబడింది. కళ్ళు మండాయి. ఆ మంటలో ఆమెకి ఒక్కసారిగా అంతా వెలిగింది. మోసం! తను వచ్చే రోజు ఒకలా, రాని రోజు ఒకలా. మూడు నెలలు కూర్చోబెట్టి, టీలు తాగించి, చెవిలో పువ్వు పెట్టారన్నమాట. ఆ యోమరీలు తలుచుకుంటే మరీ ఒళ్ళు మండింది. తినేవాళ్ళకి సిగ్గుండక్కర్లేదూ!

విసవిసా బస్ పార్క్ వెనకున్న రేకుల షెడ్డుకి నడిచింది. అక్కడ టీకాప్రసాద్ గురూజీ బస్సు ముక్కు తెరుచుకుని నిలబడుంది. అష్టమాన్ ఒక ఎర్ర గుడ్డ మూట విప్పుతున్నాడు. అందులో నాలుగు నాజిల్స్, డీజిల్‌ని ఇంజన్లోకి చిమ్మేవి, కొత్త పెళ్ళికూతురి గాజుల్లా తళతళలాడుతున్నాయి. పక్కన మసి అంటని కొత్త గాలి ఫిల్టరు.

జును గడపలోనే నిలబడిపోయింది. "ఏం చేస్తున్నారు దాజు?"

అష్టమాన్ ఉలిక్కిపడ్డాడు. దొంగతనం చేస్తూ దొరికినట్టు కాదు, పుట్టినరోజు కానుక చుడుతుంటే పిల్లకి కనపడిపోయినట్టు. "అయ్యో నానీ, ఇవాళెందుకొచ్చావు? నీ రోజు రేపు కదా! రేపు టీకా గురూజీ బండే. ఆఖరిది. దీన్ని కూడా ముస్తాబు చేసేస్తే ఇరవై రెండూ అయిపోయినట్టే."

"ముస్తాబా?"

"మరి? నీ పరీక్ష కదా!"

అష్టమాన్ చేతులు గుడ్డకి తుడుచుకుంటూ, ఇక దాచేదేముందన్నట్టు చెప్పుకుపోయాడు. "మొదట్లో ఎవరూ ఒప్పుకోలేదు కదా. అప్పుడు సన్‌మాయా దిదీ గడ్డి పెట్టింది అందరికీ. ఆ పిల్లకి మన బస్సులమీద పరీక్షరా, పాసైతే ఉద్యోగం, ఫెయిలైతే రెండేళ్ళ చదువు మట్టి అని. అప్పటిదాకా మేం మా బళ్ళకి పరీక్షనుకున్నాం. నీకు పరీక్షని తెలిశాక ఇంకేం ఆలోచిస్తాం? మన బండి పొగ వదిలితే నీకు మార్కులు పోవూ? టీకా గురూజీ తన బండి కోసం కొత్త నాజిల్స్, ఫిల్టరు తెచ్చుకున్నాడు దసైన్ పండక్కే. ముందు పిల్ల పరీక్ష కానీ, నాది ఆఖర్న చూద్దాం అన్నాడు. ఈ ఒక్క సెట్టే, ఈ రూట్లో అన్నీ ఒకే రకం బళ్ళు కదా, ఏ బండి వంతొస్తే ఆ బండికి తొడగడం, నువ్వెళ్ళాక విప్పడం. ఒకటే పట్టుచీర వాడకట్టంతా పెళ్ళిళ్ళకి కట్టుకున్నట్టు!" అని పకపకా నవ్వాడు. "మరి ఎన్నొచ్చాయి నానీ ఇప్పటిదాకా?"

జును అక్కడే, నూనె మరకల నేలమీద, చతికిలబడి భోరుమంది.

అష్టమాన్ కంగారుపడి దిదీని కేకేశాడు. దిదీ మొక్కజొన్న పొత్తు చేత్తో పట్టుకునే పరిగెత్తుకొచ్చింది. వెనకే టీకాప్రసాద్, గర్జమాన్, చేతికందిన గురూజీలందరూ.

"ఏమన్నావురా పిల్లని?" అని దిదీ అష్టమాన్ మీద విరుచుకుపడింది.

"నేనేమన్నాను! మార్కులడిగాను!"

"సున్నా!" అంది జును వెక్కిళ్ళ మధ్య. "సున్నా వచ్చింది దాజు. నా కొంప ముంచారు మీరంతా కలిసి. నాకు మంచి పొగ అక్కర్లేదు. మీ పొగ కావాలి. రోజూ వదిలే పొగ, ఊరు పీల్చే పొగ. అది ఎంతో కొలవడమే నా పరీక్ష!"

టీకాప్రసాద్ మీసంమీద చెయ్యి అలాగే ఆగిపోయింది. "ముప్ఫై ఏళ్ళుగా బండి నడుపుతున్నాను," అన్నాడు చివరికి. "పోలీసు తిట్టాడు, పాసింజర్లు తిట్టారు, మా ఆవిడ చొక్కాలు ఉతుకుతూ తిట్టింది. నీ పొగ నాకు కావాలి అన్న మనిషిని మాత్రం ఇదే చూడటం."

ఎవరో కిసుక్కుమన్నారు. జునుకి నవ్వు రాలేదు. అష్టమాన్ పక్కన గొంతుక్కూర్చున్నాడు. మొహం వాడిపోయింది. "మంచి చేద్దామనే నానీ. ఇప్పుడేం చెయ్యాలి? మేమేం బళ్ళు పాడుచెయ్యలేదు, ఒట్టు. ఎవరి సామాను వాళ్ళకి పెట్టేశాను. ఒక్క వాషరు కూడా తేడా లేదు."

జును ముక్కు తుడుచుకుంటున్నదల్లా ఆగింది. "పాత నాజిల్సే మళ్ళీ పెట్టారా?"

"అవే."

"కడిగి పెట్టారా?"

అష్టమాన్ నేల చూపులు చూశాడు. మంచి మెకానిక్‌ని అడగకూడని ప్రశ్న అది. "నీ దగ్గర అబద్ధమెందుకు... వారానికి రెండు బళ్ళు విప్పి బిగించడంతోనే నా నడుం పడిపోయింది. కడిగే ఓపికెక్కడిది? తీసింది తీసినట్టే పెట్టేశాను. ఫిల్టర్లు కనీసం దులపలేదు కూడా. బద్ధకం అనుకో."

ఆ బద్ధకానికి దణ్ణం పెట్టాలనిపించింది జునుకి. పెట్టేసింది కూడా, రెండు చేతులూ జోడించి, ఏడుపు మొహంతోనే. అష్టమాన్‌కి అయోమయం. పిల్లకి మతి చలించిందేమోనని దిదీ వైపు చూశాడు.

"దాజు, టీకా గురూజీ బండికి ఆ నాజిల్స్ ఇవాళ పెట్టకండి. మధ్యాహ్నం యంత్రం తెస్తాను, పాతవాటితో ఒకసారి కొలుస్తాను. రేపు కొత్తవి పెట్టండి, మళ్ళీ కొలుస్తాను," అని చెప్పి మఫ్లరు తీసుకుని పరిగెత్తింది.

హోమ్‌నాథ్ సర్ గదిలో నిలబడి ఉన్నది ఉన్నట్టు చెప్పింది. తిట్టినా పడదామని సిద్ధపడే వెళ్ళింది. సర్ కళ్ళజోడు తీసి బల్లమీద పెట్టారు.

"ఒకటే సెట్టు? అన్నిటికీ అదే?"

"అవును సర్."

"ఇప్పుడు అవే బళ్ళు పాత సామానుతోనే తిరుగుతున్నాయి?"

"కడగను కూడా లేదట సర్."

ఆయన కిటికీలోంచి చూశారు. కిటికీలో కొండలుండాలి. మాఘ్‌లో అక్కడ బూడిదరంగు తప్ప ఏమీ ఉండదు. "ఇరవై రెండు బళ్ళకి ఒకే సెట్టు మార్చి మార్చి వేసి కొలవాలని నేను పై వాళ్ళకి రాసుంటే," అన్నారు నెమ్మదిగా, "నా రిటైర్మెంటు దాకా ఆ ఫైలు కదిలేది కాదు. ఏ బండి ఎంత మసి వదులుతోందన్నది చాలామంది కొలిచారమ్మా. నాలుగు నాజిల్సు, ఒక ఫిల్టరు మారిస్తే అదే బండి, అదే గురూజీ చేతిలో, ఎంత తగ్గుతుందన్నది చెప్పగలిగితే... కానీ రెండో కొలత లేకపోతే ఇదంతా ఉత్తిదే. ఇరవై రోజులు. ఇస్తారా వాళ్ళు?"

"అడుగుతాను సర్."

తలుపు దాకా వెళ్ళాక ఆయన పిలిచారు. "జును. మొన్న యంత్రాన్ని అనుమానించినట్టు నటించి నిన్ను అనుమానించాను. అది తప్పు." ఆ ఒక్క మాటకి ఆమెకి మెట్లమీద మళ్ళీ కళ్ళు చెమర్చాయి.

ఇస్తారా అంటే, ఇవ్వలేదండీ వెంటనే. శుభ్రమైన పొగ ఇవ్వడం వేరు, అసలు పొగ ఇవ్వడం వేరు. అతిథి వస్తుందని ఇల్లు అలికి చూపించినవాళ్ళని, ఇప్పుడు పెరట్లో చెత్తకుప్ప చూపించమన్నట్టయింది. ఆ మధ్యాహ్నం టీకాప్రసాద్ బండి పాత సామానుతో కొలిచి, కాగితం తీసి చూపించింది జును. నల్లగా, మందంగా, వేలు పెడితే అంటుకునేలా ఉంది. గురూజీలు చుట్టూ మూగి చూసి ఒకరి తర్వాత ఒకరు వెనక్కి జరిగారు.

"నావల్ల కాదు," అన్నాడు గర్జమాన్. గట్టివాడు, పేరుకి తగ్గ గొంతు. కానీ ఆ పూట గొంతు పైకి లేవలేదు. "స్టిక్కరు పోతుందని కాదు. నువ్వు చెప్పవు, నాకు తెలుసు. కానీ నా బండిది ఇంతకంటే నల్లగా వస్తుంది. ఆ కాగితం నువ్వు దాచుకుంటావు, పెద్దపెద్దవాళ్ళకి చూపిస్తావు. పరువు నానీ, పరువు. పిల్లలున్నవాణ్ణి."

ఇంకో నలుగురు తలలూపారు. బలవంతపెట్టే హక్కు జునుకి లేదు. మూడు నెలలు తనకోసం ఇంత చేసినవాళ్ళని ఇంకా ఏమని అడుగుతుంది? "మీ ఇష్టం గురూజీ. ఇప్పటిదాకా చేసినదే ఎక్కువ," అంది. ఆ మాట మనసులోంచే అంది.

అప్పుడు సన్‌మాయా దిదీ పట్టకారు కింద పడేసింది.

"పరువా? ఏం పరువురా గర్జమానూ?" టీ బల్ల వెనకనుంచి లేచి వచ్చింది. పొట్టి మనిషి, అయినా అందరూ దారిచ్చారు. కొంగు తీసి మూతి తుడుచుకుని, ఆ కొంగు వాళ్ళ ముందు చాపింది. నల్లగా ఉంది. "పద్నాలుగేళ్ళు. రోజుకి ఎన్నిసార్లు నువ్వు నా కొట్టు ముందు బండి వెనక్కి తిప్పుతావు? అదంతా ఎక్కడికి పోతోందనుకున్నావు, ఆకాశంలోకా? ఇదిగో ఇక్కడికి," అని రొమ్ము మీద చరుచుకుంది. "నా ఊపిరితిత్తుల్లో పడితే లేని సిగ్గు ఒక కాగితం ముక్కమీద పడితే వచ్చిందా నీకు?"

అని దగ్గింది. కావాలని దగ్గింది కాదు. రోజూ దగ్గేదే.

గర్జమాన్ తల దించుకుని బండి దగ్గరికి నడిచాడు. తలుపు తెరిచి ఎక్కి, కిటికీలోంచి తల బయటపెట్టాడు. "పెట్టు నానీ నీ గొట్టం," అన్నాడు. "ఎంత తొక్కమంటావు?"

అతని కాగితం నిజంగానే అన్నిటికంటే నల్లగా వచ్చింది. దిగి వచ్చి చూశాడు. తర్వాత పోయిన వారం తీసిన తెల్లదాన్ని కూడా చూపించమన్నాడు. రెండూ రెండు చేతులతో పట్టుకుని, ముందు దిదీ కొట్టు వైపు చూశాడు, తర్వాత అష్టమాన్ వైపు చూశాడు. "ఇది అదే బండేనా?" అన్నాడు. "అదే బండి గురూజీ. నాలుగు నాజిల్సు, ఒక ఫిల్టరు," అంది జును. అతను ఆ రెండూ ఆమెకిచ్చి అష్టమాన్ దగ్గరికి నడిచాడు.

ఆ తర్వాత ఇరవై రోజులూ జును తన జన్మలో మర్చిపోలేదు. రోజుకి ఒక బండి అనుకుంటే రెండొచ్చేవి. వంతు పోయినా సరేనని ఆగేవారు. ఒకరోజు వర్షానికి యంత్రం తడిస్తే టీకాప్రసాద్ తన బస్సులో సీట్లు మడిచి దానికి చోటిచ్చాడు. దసైన్ నుంచి మాఘ్ దాకా తను కొనుక్కున్న కొత్త సామాను తను వాడుకోకుండా అందరికీ తొడిగించిన మనిషి. ఆ సంగతి జునుకి రోజూ గుర్తొచ్చేది. ఒకసారి ఆపుకోలేక అనేసింది. "మీ రుణం ఎలా తీర్చుకోను గురూజీ?"

"పాసవ్వు," అన్నాడు టీకాప్రసాద్. "ఈసారి పొగతోనే పాసవ్వు."

ఆఖరి కాగితం ఆఖరి రోజు పొద్దున్న పదకొండింటికి తీసింది. మధ్యాహ్నం యంత్రం పెట్టెలో పడింది. అష్టమాన్ దానికి పసుపు, కుంకుమ, నాలుగు అక్షతలు వేసి మరీ పంపించాడు.

థీసిస్ రాసేటప్పుడు ఒక్క విషయం దగ్గర చెయ్యి ఆగింది. మొదటి పేజీలో ధన్యవాదాలు రాయాలి. పేర్లు రాస్తానంటే ఒట్టు తప్పినట్టవుతుందా? వెళ్ళి అడిగింది. గురూజీలు టీ గ్లాసులు పట్టుకుని చాలాసేపు చర్చించారు. తీర్పు టీకాప్రసాద్ చెప్పాడు. "పేర్లు వెయ్యి. పొగలు మాత్రం వాటి పక్కన వెయ్యకు."

చైత్ నెలలో వైవా జరిగింది. బయటినుంచి వచ్చిన పరీక్షాధికారి ముసలాయన, నవ్వడం చేతకానట్టుండే మనిషి. పేజీలు తిప్పుతూ తిప్పుతూ మొదటి పేజీ దగ్గర ఆగారు. "నాకు ఈ చదువు చెప్పిన గురూజీలకు" అని ఉంది పైన. ఆయన హోమ్‌నాథ్ సర్ వైపు మెచ్చుకోలుగా చూశారు. తర్వాత కింద పేర్లు చదవడం మొదలుపెట్టారు. టీకాప్రసాద్. గర్జమాన్. ఇంకా ఇరవై. వాటి కింద సన్‌మాయా తామాంగ్, అష్టమాన్ మహర్జన్. హోమ్‌నాథ్ పేరు వాళ్ళ తర్వాత.

"వీళ్ళంతా ఏ డిపార్ట్‌మెంటు?" అన్నారు.

"లగన్‌ఖేల్ బస్ పార్క్ సర్," అన్నారు హోమ్‌నాథ్ సర్ జును కంటే ముందు. రెండేళ్ళలో ఆయన నవ్వడం ఆ గదిలో ఎవరైనా చూసి ఉంటే ఆరోజే చూశారు.

"ఒకే బండిని రెండుసార్లు, అదీ అసలు పొగ చూపించడానికి ఎలా ఒప్పించావమ్మా? నేను పదేళ్ళు ప్రయత్నించాను."

"నేను ఒప్పించలేదు సర్. మొదటిసారి పరీక్ష అన్నాను. నా పరీక్ష అనుకుని సాయం చేశారు. రెండోసారి నిజం చెప్పాను. అప్పుడూ సాయం చేశారు."

ముసలాయన పుస్తకం మూసి, "పోయి వాళ్ళకి చెప్పు," అన్నారు. అదే ఫలితం.

జును యూనివర్సిటీ నుంచి సరాసరి లగన్‌ఖేల్‌కి వెళ్ళింది. పుస్తకం టీకాప్రసాద్ చేతిలో పెట్టింది. ఆయన కళ్ళజోడు పెట్టుకుని, గొంతు సవరించుకుని, బళ్ళో హాజరు పిలిచినట్టు పేర్లు చదివాడు. ఒక్కో గురూజీ "హాజర్!" అన్నాడు. ఆ సమయానికి రూటుమీదున్నవాళ్ళ తరఫున పక్కవాళ్ళు అన్నారు. సన్‌మాయా అని చదివేసరికి దిదీ తన చెవుల్ని తను నమ్మలేదు. "బండి నడపడం రాని దాన్ని, నన్నూ గురూజీల్లో కలిపేశావేంటే!" అని కొంగు కళ్ళకద్దుకుంది. జును ఆవిణ్ణి రెండు చేతులా పట్టుకుంది. అందరికంటే గట్టి పాఠం చెప్పింది మీరే దిదీ అందామనుకుంది. అనకుండా ఇంకా గట్టిగా పట్టుకుంది. దిదీకి అర్థమయ్యే ఉంటుంది.

"అదంతా సరే," అన్నాడు అష్టమాన్ ఇక ఉండబట్టలేక. "మార్కులెన్ని?"

అందరూ ఆమె వైపే చూస్తున్నారు. థీసిస్‌కి మార్కులు ఉండవని, పాసూ ఫెయిలే ఉంటుందని చెప్పొచ్చు. అలా చెబితే వాళ్ళకెలా తృప్తి?

"ఇరవై రెండుకి ఇరవై రెండు దాజు!" అంది జును.

ఈలలు, చప్పట్లు, నాలుగు బళ్ళ హారన్లు ఒకేసారి మోగాయి. ఆ గోలలో గర్జమాన్ ఒక్కడు పక్కన నిలబడి, గోల తగ్గాక, నెమ్మదిగా అడిగాడు. "నాది కూడా కలిపేనా?"

"మీది లేకపోతే సున్నాయే గురూజీ," అంది జును.

గర్జమాన్ గుడ్డతో అద్దం తుడవక్కర్లేకపోయినా తుడిచి, బండెక్కి తాళం తిప్పాడు. జును అలవాటుకొద్దీ వెనక గొట్టం వైపు చూసింది. దిదీ కూడా చూసింది. చిన్న తెరలా ఏదో వచ్చి, పోయింది. అంతే. అష్టమాన్ ఎటో చూస్తూ మీసాల్లో నవ్వుకుంటున్నాడు.

"సునాకోఠీలోనే కదా నీ ఇల్లు, ఎక్కు, దింపేస్తాను," అని కిటికీలోంచి కేకేశాడు గర్జమాన్.

జును ఎక్కి సంచిలో చెయ్యి పెట్టింది, టికెట్టు కోసం. గర్జమాన్ అద్దంలోంచి చూసి మండిపడ్డాడు.

"లోపల పెట్టు! గురువు బండిలో శిష్యురాలికి టికెట్టేమిటి?"